బీభత్సము – కరుణము: ‘ది జంగిల్’ నవలా పరిశీలనము

అమెరికా రచయితయగు అప్టన్ సింక్లెయిర్ (1878–1968) రచించిన ‘ది జంగిల్’ అను నవల 1905లో ‘అప్పీల్ టు రీజన్’ అను సామ్యవాద వారపత్రికలో ధారావాహికముగా వెలువడి, 1906 ఫిబ్రవరిలో గ్రంథరూపము దాల్చినది. షికాగో నగరమునందలి మాంసపరిశ్రమ ఇందలి కథాస్థలము. పొట్ట చేతబట్టుకొని లిథువేనియా నుండి వలసవచ్చిన ఒక కుటుంబము, ఆ పరిశ్రమలో పనిచేయుచు ఒక్కొక్కరుగా ఎట్లు నశించినదో చెప్పుట గ్రంథకర్త యుద్దేశము. గ్రంథము వెలువడిన నాలుగు నెలలకు, 1906 జూన్ 30వ తేదీన, మాంస తనిఖీ చట్టమును, శుద్ధాహార ఔషధ చట్టమును అధ్యక్షుని సంతకముతో శాసనరూపము దాల్చినవి. ఒక నవల ఇంత త్వరలో శాసనమునకు దారితీయుట సాహిత్యచరిత్రలో అరుదు. అయినను ఆ చట్టములలో కార్మికుని కూలిని గూర్చి కాని, పనిగంటలను గూర్చి కాని, పనిలో తగిలెడి గాయములను గూర్చి కాని ఒక్క నిబంధనయు లేదు. తాను ప్రజల హృదయమునకు గురిపెట్టగా దెబ్బ వారి కడుపునకు తగిలినదని సింక్లెయిరే పిమ్మట వాపోయెను.

ఈ మాటను విమర్శకులు తరచుగా స్మరింతురు. కాని యిట్లేల జరిగినదను ప్రశ్నకు సాధారణముగా వినవచ్చు సమాధానములు రెండు. పాఠకులు స్వార్థపరులని యొకటి. ప్రచారము ప్రధానమైన చోట కళ క్షీణించునని మరియొకటి. ఈ రెండును అసత్యములు కావు, కాని చాలవు. పాఠకుడు స్వార్థపరుడగుటయే కారణమైనచో, ‘అంకుల్ టామ్స్ కేబిన్’ (1852) చదివి ఆ దేశమువారే బానిసల కొరకు కన్నీరు కార్చుట యెట్లు సంభవించినది? ప్రచారమే దోషమైనచో, ఆ గ్రంథమును ప్రచారగ్రంథమే కదా.

కొన్ని యేండ్ల క్రిందట ఎం.ఏ. విద్యార్థులకు తౌలనిక సాహిత్యము బోధించుచు నేనీ నవలను పరిచయము చేసితిని. ముగించిన పిమ్మట వచ్చిన మొదటి ప్రశ్న యిది: “ఇప్పుడైనను అక్కడి మాంసము శుభ్రముగా నుండునా అండీ?” కథలో చనిపోయిన బాలుని గూర్చి యెవ్వరును అడుగలేదు. ఆ విద్యార్థులు నిర్దయులు కారు. వారిలో కూలిపనులు చేసికొను ఇండ్లనుండి వచ్చినవారే యెక్కువ. కాబట్టి లోపము వారి హృదయమున గాక, చెప్పిన క్రమమున నున్నదని నాకు తోచినది. ఆ తోపుతో గ్రంథమును మరల చదివితిని. మన ఆలంకారికుల విచారము ఈ చిక్కును విడదీయుటకు మిక్కిలి తోడ్పడునని నా విశ్వాసము.

భరతముని మతమున బీభత్సమునకు జుగుప్స స్థాయి, కరుణమునకు శోకము స్థాయి. ఏ రసమునుండి యేది జనించునో చెప్పుచు ఆయన, రౌద్రమునుండి కరుణమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని నిర్దేశించెను. బీభత్సమునందును భేదములు చూపెను. రక్తము, ప్రేవులు మొదలగువానిచే పుట్టునది క్షోభజము. మలము, క్రిములు మొదలగువానిచే పుట్టునది ఉద్వేగి. ఇక అభినవగుప్తుడు రసప్రతీతికి కలుగు ఏడు విఘ్నములను చెప్పుచు, నిజసుఖాది వివశీభావమును అందొకటిగా లెక్కించెను. తన సుఖదుఃఖములకు తాను వశుడై యున్నవాడు పరుని అనుభవమునందు చిత్తమును నిలుపజాలడని దాని భావము. ఈ మూడు సూత్రములను చేతబట్టుకొని నవలను పరిశీలింతము.

ముందుగా ఆ పరిశ్రమను గూర్చి కొంత తెలియవలెను. షికాగోలోని యూనియన్ స్టాక్ యార్డ్స్ అను పశువుల దొడ్లు 1865 డిసెంబరు 25న ఆరంభమై 1971లో మూతపడినవి. మంచుతో చల్లబరచిన రైలు పెట్టెలు వచ్చిన పిమ్మట, అచట కోసిన మాంసము దేశము నలుమూలలకు పోవ మొదలిడెను. ఆర్మర్, స్విఫ్ట్ మొదలగు కంపెనీలు మహాసంస్థలైనవి. వాని విజయరహస్యము కత్తియందు లేదు, పని విభజనమునందున్నది. పూర్వము ఒక కసాయి పశువును ఆద్యంతము తానే కోసెడివాడు. ఈ కర్మాగారములలో పశుకళేబరము పైకప్పున నడచు కొక్కెమునకు వ్రేలాడుచు కార్మికుని ముందునకు వచ్చును. ఒకడు ఒక్క కోతయే కోయును. రెండవవాడు రెండవ కోత. హెన్రీ ఫోర్డ్ తన మోటారు కర్మాగారమున కదలు వరుసను నెలకొల్పుటకు షికాగో మాంసపు కర్మాగారములలోని యీ కొక్కెముల వరుసయే స్ఫూర్తి నిచ్చినదని 1922లో తన గ్రంథమున వ్రాసికొనెను. విద్య ఒక్క కోతకు కుదించబడినప్పుడు ఎవని స్థానమున నెవనినైనను నిలుపవచ్చును. ఉదయమున ద్వారముకడ నిలిచిన నిరుద్యోగుల గుంపే లోపలివాని కూలిని నిర్ణయించును. కొక్కెముల వేగమును పెంచువాడు మేస్త్రీ. ఆ వేగమునకు చేతిని సరిపుచ్చుకొనవలసినవాడు కార్మికుడు.

1904లో జరిగిన మహా సమ్మె యోడిపోయిన పిమ్మట సింక్లెయిర్ షికాగో చేరి, ఏడు వారములచట నుండి, కార్మికుల యిండ్లలోను కర్మాగారములలోను తిరిగి విషయసేకరణ మొనర్చెను. నవలలోని వివరముల బలమునకు కారణమిదియే. కథానాయకుడగు యుర్గిస్ గంటకు పదునేడున్నర సెంట్ల కూలికి, కోసిన పశువుల ప్రేవులను ఊడ్చు పనిలో చేరును. బలిష్ఠుడగుటచే గుంపులో నిలిచిన అరగంటకే పని దొరకగా పొంగిపోవును. ఒక్క నిమిషము ఆలస్యమైన గంట కూలి కోత యనియు, గంట నిండక ఆగిన పనికి కూలి యుండదనియు అతడు క్రమముగా తెలిసికొనును. ఇవి లెక్కల వివరములవలె కనబడును గాని, కరుణమునకు విభావములు ఇవియే. పెద్ద విపత్తు లేకయే మనుష్యుడు కొంచెము కొంచెముగా తరుగుటను ఇవి చూపును.

ఇప్పుడు బీభత్సమునకు వత్తము. మూడవ ప్రకరణమున క్రొత్తగా వచ్చిన కుటుంబము కర్మాగారమును చూడబోవును. పందులు కాలికి గొలుసు తగిలింపబడి పైకి లేచి, అరచుచు, వరుసగా కత్తికడకు పోవును. ఇది శుద్ధమైన క్షోభజ బీభత్సము. తాను పందిని కాకుంటినిగదా యని యుర్గిస్ అప్పుడు సంతోషించును. నవల ముగింపునకు వచ్చునప్పటికి, ఆ పందికిని తనకును భేదము లేకుండెనని అతడు గ్రహించును. కంపెనీ పందినుండి యేమి కోరెనో కార్మికునినుండియు అదియే కోరెను, రాబట్టదగినదంతయు రాబట్టుకొనెను. ఇచ్చట రక్తము మనుష్యుని స్థితికి ఉపమానమైనది. జుగుప్స అంగముగా నిలిచి శోకమును పోషించినది. సింక్లెయిర్ కళ యిచ్చట నిర్దుష్టము.

తొమ్మిదవ ప్రకరణము వేరు విధము. అందు ఒక్కొక్క విభాగపు కార్మికుని దేహమునకు కలుగు హాని వరుసగా చెప్పబడినది. మాంసమును ఉప్పునీట ఊరవేయు గదులలో ఆమ్లము వ్రేళ్ల కణుపులను తినివేయును. కత్తిపట్టువాని బొటనవ్రేలు గాయములచే రూపు మాసి, మాంసపు ముద్దగా మిగులును. గొఱ్ఱెతోళ్లనుండి ఉన్ని తీయువాని వ్రేళ్లను ఆమ్లము హరించును. ఈ పట్టికకు చివర, ఆవిరి గదులలో నేలమట్టముననున్న మరుగు తొట్లలో కార్మికులు పడుదురనియు, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి యెవరును గమనింపక, ఎముకలు తప్ప తక్కినదంతయు పందికొవ్వుగా బజారునకు పోవుననియు రచయిత చెప్పెను. గ్రంథమునందెల్ల ప్రసిద్ధికెక్కిన వాక్యమిది. దీనిని చదివినవారు తొట్టిలో పడినవాడెవడని యడుగలేదు. ఆ కొవ్వును తిన్నవారెవరని యడిగిరి. ఏల? అంతవరకును పాఠకుడు కార్మికుని ప్రక్కన నిలిచి చూచుచుండెను. చివరి వాక్యము అతనిని చేయిపట్టి తన భోజనపు బల్లకడకు కొనిపోయినది. నిజసుఖాది వివశీభావమనగా నిదియే. విఘ్నము వెలుపలినుండి రాలేదు, వాక్యమే దానిని కల్పించినది.

పదునాల్గవ ప్రకరణమునందును ఇట్లే జరిగినది. అది చెడిన మాంసపు వర్ణనముతో, ఎలుకల వర్ణనముతో ఆరంభమగును. ఇది ఉద్వేగి బీభత్సము. కాని ప్రకరణపు ఉత్తరార్ధము మాంసమును విడిచి, ఆ పనిచేయు ఎల్జ్‌బియెటా మనస్సు యెట్లు మొద్దుబారినదో, ఇంటిలో మాటలెట్లు తరిగిపోయినవో, యుర్గిస్ త్రాగుడునకు ఎట్లలవాటు పడెనో చెప్పును. నా దృష్టిలో గ్రంథమునందలి యుత్తమ భాగములలో నిదియొకటి. అయినను లోకము పూర్వార్ధమును కంఠస్థము చేసి, ఉత్తరార్ధమును మరచినది. బీభత్సమునుండి భయానకము పుట్టునన్న భరతవాక్యము ఇచ్చట అక్షరాల ఋజువైనది. పాఠకునకు జుగుప్సనుండి కలిగినది తన యాహారమును గూర్చిన భయము. భయము చట్టమును కోరినది, చట్టము వచ్చినది, భయము తీరినది. తనిఖీ వ్యయమును ప్రభుత్వ ఖజానాయే భరించినది గనుక కంపెనీలకు పెద్ద నష్టమును కలుగలేదు.

అట్లయిన ఈ నవలలో కరుణము లేదా? కలదు. అది కర్మాగారమున కంటె ఇంటిలోను వీధిలోను ఎక్కువగా కలదు. నవల కసాయితనముతో గాక, వివాహముతో ఆరంభమగుట గమనింపదగినది. యుర్గిస్, ఓనాల పెండ్లివిందునకు తలుపు తెరచియుండును; ఆకలిగొన్నవాడెవడు వచ్చినను భోజనము పెట్టవలెనని వారి యాచారము. వచ్చినవారు వధువుతో నాట్యమాడి, శక్తికొలది ధనమిత్తురు. అది మన చదివింపుల వంటిది. నేడు నేనిచ్చినది రేపు నా బిడ్డ పెండ్లికి నీవిత్తువను నమ్మకముపై నిలిచిన యాచారమది. కాని యీ విందులో యువకులు తిని, త్రాగి, ఏమియు నీయక జారుకొందురు. పెద్దలు తెల్లబోవుదురు. పరిశ్రమ ఒక సంఘమును ఎట్లు విచ్ఛిన్నము చేయునో చూపుటకు ఇంతకంటె సూక్ష్మమైన సన్నివేశము నేనెరుగను. ఇందు రక్తము లేదు, దుర్గంధము లేదు. చదివింపులు లేని పెండ్లి యొక్కటే కలదు. గ్రామమున నొకరినొకరు ఎరిగియుండుటయే పూచీ. కర్మాగారపు పేటలో ఎవడు రేపు ఎచ్చట నుండునో తెలియదు.

ఇల్లు కొను వృత్తాంతమును ఇట్టిదే. పదునైదువందల డాలర్ల ఇల్లు; మూడువందలు ముందు, నెలకు పండ్రెండు చొప్పున వాయిదాలు. వడ్డీ మాట పత్రములో దాగియుండును. పొరుగుననున్న వృద్ధురాలొకతె ఆ యింటి చరిత్ర చెప్పును: క్రొత్తదని చెప్పి అమ్మిన ఆ ఇల్లు అంతకు పూర్వము పలువురకు అమ్ముడుపోయినది; ఒక్కొక్క కుటుంబమును వాయిదా తప్పి వెడలిపోయినది. జర్మనులు, ఐరిష్‌వారు, చెక్కులు, పోలులు ఒకరివెంట నొకరు ఆ పేటకు వచ్చి, క్రొత్తగా వచ్చినవారికంటె తక్కువ కూలి కొప్పుకొనజాలక తొలగిరి. కొక్కెముల వరుస కర్మాగారముతో ఆగలేదు, వీధిలోనికిని నడచినది.

భరతుడు చెప్పిన రెండవ సూత్రమును ఈ నవలయందు నెరవేరినది. ఓనాను మేస్త్రీ కానర్ బెదరించి చెరచెనని తెలిసి యుర్గిస్ క్రోధముతో వానిపై బడును; చెరసాల పాలగును; తిరిగివచ్చునప్పటికి ఇల్లు పరుల పాలగును; ఓనా ప్రసవవేదనలో కన్నుమూయును. రౌద్రమునుండి కరుణము పుట్టుట ఇచ్చట స్పష్టము. ఈ ప్రకరణములను చదువునప్పుడు ఏ పాఠకుడును తన భోజనమును తలపోయడు.

కాని రచయిత ఈ శోకమును నిలుపుకొనలేదు. పసివాడగు ఆంటానాస్ వీధి మడుగులో మునిగి మరణించిన పిమ్మట, యుర్గిస్ కుటుంబమును విడిచి పోవును. అటుపై అతడు దేశదిమ్మరి, దొంగ, రాజకీయనాయకుల అనుచరుడు, సమ్మెను భగ్నము చేయువాడు అగును. తుదకు సామ్యవాద సభలలో శ్రోతయై మిగులును. ముప్పదియొక్క ప్రకరణములలో చివరి మూడవవంతునకు శోకమునకు ఆశ్రయమైన కుటుంబమే కనబడదు. పదమూడేండ్ల ప్రాయమున వయస్సు పెంచిన ధ్రువపత్రముతో పందికొవ్వు డబ్బాల యంత్రముకడ నిలుపబడిన స్టానిస్లోవాస్ కడకు ఎట్లు మరణించెనో మనము చూడము. ఒక కర్మాగారములో నిద్రించి, తలుపులు మూయబడగా ఎలుకల వాతబడెనని, చాలకాలమునకు పిమ్మట మరీయా నాలుగు మాటలలో చెప్పగా వినుచున్నాము. పాడైన మాంసముపై తిరుగాడిన యెలుకలకు పుటలు దక్కినవి. ఆ బాలునకు నాలుగు మాటలే దక్కినవి. అభినవగుప్తుడు అప్రధానత, స్ఫుటత్వాభావము అను విఘ్నములను పేర్కొనెను. అవి రెండును ఇచ్చట కలవు.

మరియొక లోపమును దాచరాదు. 1904 సమ్మె ఘట్టమున, దక్షిణ రాష్ట్రములనుండి కంపెనీలు తెచ్చిన నల్లజాతి కూలీలను సింక్లెయిర్ మనుష్యులనుగా గాక, మృగప్రాయులనుగా చిత్రించెను. వారును బ్రదుకుతెరువునకై వచ్చినవారే యనియు, యుర్గిస్ కథయే వారి కథయనియు ఆయనకు తోచలేదు. పాఠకునకు కలిగిన విఘ్నము ఇచ్చట కవికే కలిగినది. కరుణము ఎవరివరకు వ్యాపింపవలెనో ఆయనయే హద్దు గీచెను.

చరిత్ర ఆ హద్దును తరువాత దాటినది. జేమ్స్ బారెట్ అను చరిత్రకారుడు 1987లో ప్రకటించిన గ్రంథమున, ఆ పేట కార్మికులు భాషాభేదములను మీరి సంఘములు కట్టుకొనిన విధమును వివరించెను. 1904 సమ్మె నైపుణ్యముగల కసాయివారు నైపుణ్యము లేనివారి కూలి నిలుపుటకు చేసినది. 1943లో ఏర్పడిన ప్యాకింగ్‌హౌస్ కార్మికుల ఐక్యసంఘము నల్లవారిని తెల్లవారిని ఒక్క సంఘమున చేర్చినది. పరిశ్రమ విచ్ఛిన్నము చేసిన దానిని కార్మికులే మరల కూర్చుకొనిరి. ఈ పునర్నిర్మాణశక్తి నవలలో కనబడదు. విముక్తి వేదికపైని ఉపన్యాసమునుండి వచ్చినట్లు కనబడును.

ఇచ్చట మన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922) స్మరణకు వచ్చుట సహజము. అదియు ఒక శ్రామిక కుటుంబపు పతనగాథయే. అందును కూలి సమస్యయే మూలము. అందును ఉపన్యాసధోరణి కలదు. కాని ‘మాలపల్లి’లో పాలకవర్గమునకు తన కడుపును గూర్చి భయపడవలసిన పుట యొక్కటియు లేదు. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ నిషేధము 1937లో కాంగ్రెసు మంత్రివర్గ కాలమున తొలగినది. ఒక గ్రంథమునకు చట్టము బహుమానమైనది, మరియొక గ్రంథమునకు నిషేధము. కూలిని గూర్చి అడిగిన ప్రశ్నను రెండవదానియందు పాలకులు సరిగా విన్నారనియే నేను భావింతును.

ఇది గడచిన కథయని అనుకొనుటకు వీలులేదు. 2019లో అమెరికా వ్యవసాయశాఖ పందుల వధశాలలలో గంటకు 1,106 అను వేగపరిమితిని కొన్ని కర్మాగారములకు తొలగించెను. కార్మికుల క్షేమము తన పరిధిలోనిది కాదని ఆ శాఖ వాదించెను. 2021 మార్చిలో న్యాయస్థానము ఆ క్షేమమును విచారింపకుండుట తప్పని చెప్పి, ఆ భాగమును కొట్టివేసెను. మాంసమును చూచి మనుష్యుని చూడని దృష్టి 1906నుండి వచ్చిన వారసత్వమే. 2020 ఏప్రిలు 28న, కోవిడ్ వ్యాధి ప్రబలియుండగా, మాంసపు సరఫరా ఆగరాదని అధ్యక్షుని ఉత్తరువు వెలువడెను. అయిదు మహా కంపెనీలలో ఆ వ్యాధికాలపు మొదటి యేడాదిలో కనీసము 59,000 మంది కార్మికులు వ్యాధిగ్రస్తులైరని, కనీసము 269 మంది మరణించిరని 2021లో అమెరికా ప్రతినిధిసభ ఉపసంఘము ప్రకటించెను. మాంసపు కర్మాగారములను రాత్రివేళ కడుగు పనిలో ఒక సంస్థ, ఎనిమిది రాష్ట్రములందు, 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల 102 మంది బాలబాలికలను నియమించెనని 2023లో అమెరికా కార్మికశాఖ నిర్ణయించి జరిమానా వసూలు చేసెను. స్టానిస్లోవాస్ వయస్సు వారిలో నున్నది.

కాబట్టి ‘ది జంగిల్’ను బోధించువారికి నాదొక మనవి. ఈ నవలను మాంసపు కల్తీని బయటపెట్టిన గ్రంథముగా పరిచయము చేయుట, 1906 నాటి పాఠకుని విఘ్నమును మన విద్యార్థులకు సంక్రమింపజేయుటయే యగును. రచయిత లోపములను దాచనక్కర లేదు. అయితే ఏ పుటలలో జుగుప్స శోకమునకు అంగమైనదో, ఏ పుటలలో అది శోకమును మ్రింగివేసినదో విడదీసి చూపవలెను. ఒక రసము మరియొక రసమును కప్పివేసిన చోట లోకమున నొక న్యాయము మరుగుపడగలదనుటకు ఈ గ్రంథమే సాక్ష్యము. రసవిచారము పండితుల కాలక్షేపము కాదు.

క్రిందటి సంవత్సరము నేనీ నవలను మరల బోధించునప్పుడు పెండ్లివిందుతో ఆరంభించితిని. చదివింపుల సంగతి చెప్పినప్పుడు విద్యార్థులు నవ్విరి; యువకులు జారుకొనిరనగా నవ్వు ఆగినది. మాంసపు వర్ణనములను చివరకు చెప్పితిని. ముగించిన పిమ్మట వెనుక వరుసనుండి ఒక విద్యార్థిని, ఆ బాలునకు దొంగ ధ్రువపత్రము వ్రాసియిచ్చినవారెవరని అడిగినది. ఆ గంటలో మాంసపు శుభ్రతను గూర్చి ఎవ్వరును అడుగలేదు.